పలువరసకు కొలత ఎవరిది?

‘నవ్వు నాలుగు విధాల చేటు’ అన్న సామెతను మన ఇళ్ళల్లో మగపిల్లలకు చెప్పగా నేను వినలేదు. అది ఆడపిల్లల కోసమే దాచిపెట్టినట్టుంటుంది. పళ్ళు ఇకిలించకు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకో, నలుగురిలో ఆ వెకిలి నవ్వేమిటి... ఇలా మొదలై చివరికి ద్రౌపది నవ్వు దగ్గర ఆగుతుంది. అంత యుద్ధానికీ ఆమె నవ్వే కారణమని తేల్చేసిన కథలు వింటూ పెరిగినవాళ్ళమే మనమంతా. చిత్రమేమిటంటే, నవ్వును ఇంతగా కట్టడి చేసిన ఈ సమాజమే పెళ్ళిచూపుల రోజున ‘అమ్మాయిని ఒకసారి నవ్వమనండి’ అని అడుగుతుంది. ఆ అడగడం నవ్వు కోసం కాదు, పలువరస కోసం.

ఈ తనిఖీ కొత్తదేమీ కాదు. మనుస్మృతి మూడో అధ్యాయంలో ఎలాంటి పిల్లను చేసుకోవాలో, ఎలాంటి పిల్లను వద్దనుకోవాలో చెప్పే శ్లోకాలున్నాయి. మెత్తని శరీరం, పలుచని రోమాలతో పాటు చిన్న పళ్ళు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వరుడి పలువరస ప్రసక్తి ఆ శ్లోకాల్లో లేదు. మన కావ్యాలు ఆమె పళ్ళను మొల్లమొగ్గలతో, దానిమ్మ గింజలతో, ముత్యాలతో పోల్చి పోల్చి అలసిపోయాయి. ఆ పోలికలకు అందని పిల్లకు ‘ఎత్తుపళ్ళ పిల్ల’ అన్న పేరు మిగిలింది. సినిమాల్లో ఆమె హాస్యపాత్ర. ఇంట్లో ఆమె కట్నం లెక్కలో ఒక అదనపు అంకె.

ఇప్పుడు ఆ అంకె స్థానంలోకి మరో అంకె వచ్చింది. పదకొండేళ్ళో పన్నెండేళ్ళో రాగానే ‘పిల్లకు క్లిప్పులు వేయించారా?’ అన్న ప్రశ్న మధ్యతరగతి ఇళ్ళల్లో మామూలైపోయింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతున్న తల్లులకు, తమ నోటి గురించే జరుగుతున్న మాటల్ని పక్కగదిలోంచి వింటున్న పిల్లలకు, ఈ క్లిప్పుల చరిత్ర తెలియడం అవసరమని నా అభిప్రాయం. ఈ వ్యాసం క్లిప్పులకు వ్యతిరేకం కాదు. దవడలు సరిగా కలవక నమలలేని పిల్లలకు, కోరపన్ను ఎముకలోనే చిక్కుకుపోయిన వాళ్ళకు, గ్రహణం మొర్రితో పుట్టిన వాళ్ళకు ఈ వైద్యం చేసిన మేలు చిన్నది కాదు. కానీ దీని చరిత్ర పొడుగునా రెండు ప్రశ్నలు ఒకదాన్నొకటి పెనవేసుకుని కనిపిస్తాయి. ఈ నోటికి ఏం కావాలి అన్నది ఒకటి. ఈ నోటిని చూసేవాళ్ళకు ఏం కావాలి అన్నది రెండోది. రెండో ప్రశ్న చాలాసార్లు మొదటిదాని తెల్లకోటు తొడుక్కుని వస్తుంది.

నల్లపళ్ళ అందం

అందమైన పన్ను అంటే తెల్లగా, వరసగా ఉండేదేనని మనం అనుకుంటాం. జపాన్‌లో శతాబ్దాల పాటు పెళ్ళైన స్త్రీలు, పైవర్గాల వాళ్ళు ఇనుము కలిపిన ద్రావణంతో పళ్ళు నల్లగా చేసుకునేవారు. 1870లో ప్రభుత్వం ప్రభువంశీయులకు దాన్ని నిషేధించింది. 1873లో మహారాణి తెల్లని పళ్ళతో అందరి ముందుకూ రావడంతో ఆ అలవాటు నాగరికం కానిదై పోయింది. మన దక్కనులోనూ, ఉత్తరాదిలోనూ ‘మిస్సీ’ అనే పొడితో స్త్రీలు చిగుళ్ళూ పళ్ళ సందులూ నల్లబరుచుకునేవారు. ఒకప్పటి సింగారం తర్వాతి తరానికి మురికి అయింది. అదే జపాన్‌లో, 2011 ప్రాంతంలో, కాస్త ముందుకొచ్చిన కోరపళ్ళు ముద్దుగా ఉంటాయని అమ్మాయిలు కృత్రిమ కోరపళ్ళు అతికించుకున్నారు. మనవాళ్ళు డబ్బిచ్చి సరిచేయించుకునేదాన్ని వాళ్ళు డబ్బిచ్చి తెచ్చుకున్నారు. నైజీరియాలో ముందుపళ్ళ మధ్య సందు అందానికి గుర్తు. కొలత దేశాన్నిబట్టీ కాలాన్నిబట్టీ మారుతూనే ఉంది. మారనిది ఒక్కటే. ఆ కొలతలో ముందుగా ఇమడాల్సింది ఎక్కువగా స్త్రీల నోరే.

అపోలో ముఖం

వంకరపళ్ళను సరిచేసే ప్రయత్నం పుస్తకంలోకి ఎక్కింది 1728లో. ఫ్రాన్సుకు చెందిన పియెర్ ఫోషార్ తన దంతవైద్య గ్రంథంలో విల్లులా వంచిన ఒక లోహపు పట్టీని వర్ణించాడు. దానికి దారంతో పళ్ళను కట్టి నెమ్మదిగా లాగడం ఆయన పద్ధతి. పన్ను మీద నిలకడగా ఒత్తిడి పడితే ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. ఈ రోజుకీ క్లిప్పులన్నీ పనిచేసేది శరీరానికున్న ఈ గుణం మీదే. అందుకే తొందర పనికిరాదు. ఎముక తన వేగంతోనే కదులుతుంది.

దీన్నొక ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టినవాడు అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్ (1855-1930). పై దవడా కింది దవడా కలిసే తీరును మూడు తరగతులుగా విభజించి ఆయన 1899లో ప్రకటించిన పద్ధతిని ఇప్పటికీ ప్రతి దంతకళాశాలలోనూ చెబుతారు. 1900లో సెయింట్ లూయిస్‌లో ఆయన పెట్టిన పాఠశాల నుంచే ఈ వృత్తి మొదటి తరం వచ్చింది. యాంగిల్‌కు ఒక బలమైన నమ్మకం ఉండేది. ముప్ఫైరెండు పళ్ళూ ఉండి తీరాలి, అవన్నీ సరిగా కలిస్తే ముఖం దానంతటదే సుందరమవుతుంది అని. అటువంటి ముఖానికి ఆయన చూపిన ఆదర్శం వాటికన్‌లో ఉన్న అపోలో బెల్వెదేర్ శిల్పం. ఒక గ్రీకు దేవుడి పాలరాతి ముఖం, అదీ పురుషుడిది!

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంఘటన ఉంది. సుందరమైన ముఖానికి ఒకే ఒక్క సూత్రం చెప్పమని యాంగిల్ తన మిత్రుడు, చిత్రకళ నేర్పే ఎడ్మండ్ వర్పెల్‌ను అడిగాడు. అలాంటి సూత్రం లేదన్నాడు చిత్రకారుడు. ముఖాలు ఎన్నో అందాలూ అన్ని రకాలని ఆయన ఉద్దేశం. వంద మంది ముఖాలను కళ్ళార్పకుండా చూసి గీసినవాడు ఒప్పుకోని సూత్రాన్ని వైద్యుడు మాత్రం ఎముకలోనైనా వెతికి పట్టుకుంటానన్నాడు. ఒక శాస్త్రం తన పునాదిని ఎక్కడ వేసుకుందో అర్థం చేసుకోవడానికి ఈ సంభాషణ చాలు.

యాంగిల్ పేరు పక్కన అంతగా వినబడని పేరు అన్నా హాప్కిన్స్. ఆయన దగ్గర కార్యదర్శిగా చేరిన ఆమె అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్యం చదివి 1902లో పట్టా తీసుకుంది. ఆయన పరిశోధనలోనూ, పుస్తకాల రచనలోనూ తోడుగా నిలిచింది. 1908లో ఆయన్ని పెళ్ళాడింది. ఆ తర్వాత శిష్యులందరికీ ఆమె ‘మదర్ యాంగిల్’ అయింది. డాక్టర్ పట్టా ఉన్న స్త్రీకి వృత్తి ప్రేమతో ఇచ్చిన బిరుదు ‘అమ్మ’. మన సాహిత్య సంస్థల చరిత్ర తెలిసిన వాళ్ళకు ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ కనిపించదు. అమెరికాలో లూసీ హాబ్స్ 1866లోనే దంతవైద్య పట్టా పొందింది. మన ఉపఖండంలో ఫాతిమా జిన్నా కలకత్తాలో దంతవైద్యం చదివి 1923లో బొంబాయిలో క్లినిక్ తెరిచింది. ఆమెనూ మనం అన్నగారి చెల్లెలుగానే గుర్తుపెట్టుకున్నాం.

నాలుగు పళ్ళు తీసెయ్యడం వెనక

క్లిప్పులంటే పిల్లలు భయపడేది తీగల గురించి కాదు, ‘నాలుగు పళ్ళు తీసెయ్యాలి’ అన్న మాట గురించి. కోరపన్ను వెనకనే ఉండే పళ్ళను, పై రెండు, కింది రెండు, ఏ పుచ్చూ లేని వాటిని, తీసి ఖాళీ చేసి మిగిలినవాటిని వెనక్కి జరుపుతారు. ఈ మాట వెనక వందేళ్ళ వాదం ఉంది.

ఒక్క పన్నూ తీయరాదన్నది యాంగిల్ సిద్ధాంతం. కొన్ని ముఖాలకు తీయడమే మంచిదని కాల్విన్ కేస్ వాదించాడు. 1911లో యాంగిల్ పక్షానికీ కేస్‌కీ జరిగిన చర్చ ఆ వృత్తిలో ప్రసిద్ధం. అప్పటికి యాంగిల్ పక్షమే గెలిచింది. తర్వాత ఆయన శిష్యుడే అయిన ఛార్లెస్ ట్వీడ్ కొన్నేళ్ళ పాటు ఒక్క పన్నూ తీయకుండా వైద్యం చేసి, తన పేషెంట్లను మళ్ళీ పరీక్షించి, ఫలితాలు నిలవలేదని గమనించాడు. పళ్ళు తీసి వాళ్ళకు ఉచితంగా మళ్ళీ వైద్యం చేశాడు. 1940లో అలాంటి వంద మంది నమూనాలను తోటివైద్యుల ముందు పెట్టాడు. గురువును కాదన్నందుకు తిట్లు తిన్నాడు గానీ ఆయన మాటే నెగ్గింది.

అదే దారిలో ఆస్ట్రేలియాకు చెందిన రేమండ్ బెగ్ మరో కారణం చెప్పాడు. ఆ దేశపు ఆదిమవాసుల పుర్రెల్లో పళ్ళు గట్టి తిండి వల్ల అరిగిపోయి ఉండటం చూసి, మెత్తని తిండి తినే మనకు ఆ అరుగుదల లేదు కాబట్టి పళ్ళ బదులు వైద్యుడే చోటు చేయాలని 1954లో వాదించాడు. ఈ వాదాన్ని తర్వాత చాలామంది ప్రశ్నించారు. కానీ సన్నని తీగలతో ఆయన తయారుచేసిన పద్ధతి మన దేశపు దంతకళాశాలల్లో చాలాకాలం రాజ్యమేలింది. 1965లో ఇండియన్ ఆర్థోడాంటిక్ సొసైటీ ఏర్పడిన తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో ఇక్కడ క్లిప్పులు వేయించుకున్న అనేకుల నోట్లో ఉన్నది బెగ్ పద్ధతే.

మా పెద్దమ్మ కూతురు 1980ల చివర్లో అలా నాలుగు పళ్ళు తీయించుకుంది. అప్పటికి డిగ్రీ మొదటి సంవత్సరం. పళ్ళు తీయడానికి ముందు ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఎందుకు తీస్తున్నారో పెద్దనాన్నకు చెప్పారు, పెద్దనాన్న పెద్దమ్మకు చెప్పాడు, పెద్దమ్మ ‘సంబంధాలు చూస్తున్నాం కదే’ అని అక్కకు చెప్పింది. ఒక ఖండంలో పుర్రెల అరుగుదల మీద పుట్టిన వాదమూ, ఇంకో ఖండంలో పాలరాతి దేవుడి ముఖమూ, మా ఊళ్ళో పెళ్ళిళ్ళ బేరమూ కలిసి ఆమె నోట్లో ఒకచోట చేరాయి. అక్క ఇప్పటికీ ఆ పళ్ళ గురించి కోపంగా మాట్లాడదు. ‘బాగానే ఉన్నాయిగా’ అంటుంది. అడగకపోవడం గురించి మాత్రం మాట్లాడుతుంది.

ఇరవైమంది పిల్లల కొలత

పన్ను తీయాలా వద్దా, పెదవి ఎంత ముందుకుంటే ‘ఎక్కువ’ అన్నది నిర్ణయించేందుకు 1931లో ఒక సాధనం దొరికింది. తలను కదలకుండా బిగించి పక్కనుంచి ఎక్స్‌రే తీసి, కోణాలూ దూరాలూ కొలవడం. క్లీవ్‌లాండ్‌లో బ్రాడ్‌బెంట్ దీన్ని అభివృద్ధి చేశాడు. ఆయన పరిశోధనకు డబ్బు సమకూర్చిన కుటుంబంలో ముఖ్యురాలు, తర్వాత అమెరికా కాంగ్రెస్ సభ్యురాలైన ఫ్రాన్సిస్ బోల్టన్. ఈరోజు క్లిప్పులకు ముందు మన పిల్లలకు తీసే ఎక్స్‌రే ఇదే.

ఎక్స్‌రే ఉన్నంతమాత్రాన సరిపోదు, దేనితో పోల్చాలో కావాలి. 1948లో విలియం డౌన్స్ ప్రకటించిన ప్రమాణాలు ఎంతో ప్రభావం చూపాయి. అవి ఇరవైమంది తెల్లజాతి పిల్లల ముఖాల నుంచి తీసినవి. పన్నెండు నుంచి పదిహేడేళ్ళ వయసువాళ్ళు, సగం అమ్మాయిలు, సగం అబ్బాయిలు. ఇరవైమంది! ఆ అంకెల పక్కన పెట్టి చూస్తే దక్షిణ భారతదేశపు ముఖాలు చాలావరకు ‘ఎత్తు’గానే తేలతాయి. మన దవడలూ ముందుపళ్ళూ సగటున వాళ్ళకన్నా కొంచెం ముందుకే ఉంటాయి కాబట్టి. తర్వాతి దశాబ్దాల్లో మన దేశంలో ప్రాంతాలవారీగా కొలతలు తీసి వేరే ప్రమాణాలు తయారుచేశారు. తెలుగువాళ్ళ కొలతలూ ఉన్నాయి. మంచి వైద్యులు వాటిని వాడతారు. అయినా అద్దంలో చూసుకునే పిల్ల మనసులో కొలత మాత్రం ప్రకటనల్లోని ముఖానిదే. మన రంగు గురించి మనం చాలా రాసుకున్నాం. మన పెదవుల గురించి, దవడల గురించి కూడా అదే ప్రశ్న వేసుకోవాల్సి ఉంది. ఎత్తు అంటే ఎవరికన్నా ఎత్తు?

మార్కెట్ నవ్వు

1960ల వరకు క్లిప్పులంటే ప్రతి పన్నుకూ ఒక లోహపు ఉంగరం తొడగడం. 1955లో బ్యూనకోర్ పన్ను పింగాణీ పొరను యాసిడ్‌తో కొద్దిగా గరుకుచేసి దేన్నైనా అతికించవచ్చని చూపాడు. 1960ల్లో ఆ దారిలోనే బ్రాకెట్లను నేరుగా పన్నుకు అంటించడం మొదలైంది. 1970ల్లో నికెల్ టైటానియం తీగ వచ్చింది. ఎంత వంచినా తన ఆకారానికి తిరిగివచ్చే ఆ తీగ అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో పుట్టింది. ఇవన్నీ బాధను తగ్గించి, వైద్యుడి పనిని తేలిక చేసి, క్లిప్పులను లక్షలమందికి అందేలా చేశాయి.

మన దగ్గర ఆ విస్తరణ 1990ల్లో వచ్చింది. 1994లో ఒకే ఏడాది ఇద్దరు భారతీయ యువతులు ప్రపంచ అందాల కిరీటాలు గెలిచారు. 1996లో బెంగుళూరులో మిస్ వరల్డ్ పోటీ జరిగినప్పుడు మహిళా సంఘాలు వీధిలోకి వచ్చి నిరసించాయి. 2025 మేలో హైదరాబాదే ఆ పోటీకి ఆతిథ్యమిచ్చింది. ఈ ముప్ఫై ఏళ్ళలోనే ప్రైవేటు దంతకళాశాలలు పెరిగాయి, వీధికో క్లినిక్ వచ్చింది, ‘స్మైల్ డిజైన్’ అన్న బోర్డు వెలిసింది. 2003లో టీవీలో మొదలైన ‘జస్సీ జైసీ కోయీ నహీ’ గుర్తుందా? అందులో నాయిక అందవికారానికి గుర్తులు రెండే. కళ్ళద్దాలు, పళ్ళకు క్లిప్పులు. అందం కోసం వేసుకునే వస్తువునే వికారానికి గుర్తుగా చూపించిన ఆ సీరియల్లో ఒక నిజం ఉంది. అందంగా ‘తయారవుతున్న’ దశలో ఉన్న ఆడపిల్ల ఎవరికీ కనిపించకూడదు.

కనిపించని క్లిప్పుల వ్యాపారం సరిగ్గా అక్కడే పుట్టింది. 1997లో స్టాన్‌ఫర్డ్‌లో చదివిన జియా చిష్తీ, కెల్సీ వర్త్ అనే ఇద్దరు మొదలుపెట్టిన కంపెనీ ఇన్విజలైన్ పేరుతో పారదర్శకమైన తొడుగులు తెచ్చింది. వైద్యుడి పర్యవేక్షణలో అవి చాలామందికి పనికొస్తాయి. పర్యవేక్షణ లేకుండా పోస్టులో అచ్చులు తెప్పించుకుని, పోస్టులో తొడుగులు పంపే వ్యాపారం ఎటు పోతుందో 2023 డిసెంబరులో స్మైల్ డైరెక్ట్ క్లబ్ మూతపడినప్పుడు తెలిసింది. వైద్యం మధ్యలో ఉన్న ఖాతాదారులు ఎవరినడగాలో తెలియక మిగిలారు.

అవసరాన్ని కొలవడం

‘ఈ పిల్లకు క్లిప్పులు అవసరమా?’ అన్నదానికి జవాబు చెప్పే పద్ధతులు కూడా ఉన్నాయి. 1986లో అమెరికాలో కాన్స్, జెన్నీ, కోహౌట్ తయారుచేసిన సూచికను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన సర్వేల్లో వాడింది. పళ్ళ అమరికలు రెండువందలను జనానికి చూపించి, ఏది ఎంత ఆమోదయోగ్యమో మార్కులు వేయించి, ఆ మార్కుల మీద దాన్ని నిర్మించారు. అంటే ‘అవసరం’లో సమాజం చూపు సూత్రంగా చేరిపోయింది. బ్రిటన్‌లో 1989లో బ్రూక్, షా తయారుచేసినదానిలో రెండు భాగాలున్నాయి. ఆరోగ్యం ఒక భాగం, అందం మరో భాగం. అక్కడి జాతీయ ఆరోగ్య సేవ పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లలకు ప్రధానంగా మొదటిభాగం ఆధారంగా ఉచితవైద్యం చేస్తుంది. మధ్యస్థంగా ఉన్నవాళ్ళ విషయంలోనే రెండోభాగం చూస్తుంది. రెండు ప్రశ్నలను కనీసం రెండు గడుల్లో విడిగా రాయడం నాకు నచ్చిన సంగతి. మన పిల్లల విషయంలోనూ వైద్యుణ్ణి అలా విడదీసి చెప్పమని అడగొచ్చు.

మరి క్లిప్పులు వేయిస్తే ఆత్మవిశ్వాసం వస్తుందా? కార్డిఫ్‌లో 1981లో పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు వెయ్యిమందికి పైగా పాల్గొన్న అధ్యయనం మొదలైంది. ఇరవైయేళ్ళ తర్వాత వాళ్ళలో 337 మందిని మళ్ళీ పరీక్షించారు. 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, వైద్యం చేయించుకున్నవాళ్ళకు తమ పళ్ళ మీద సంతృప్తి ఎక్కువ. కానీ ఆత్మగౌరవంలో, మానసిక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వేయించుకోనివాళ్ళు కుంగిపోయి బతకలేదు. అలాగని బడిలో ‘పారపళ్ళు’ అని ఏడిపించే పిల్లల మధ్య రోజూ కూర్చునే అమ్మాయి బాధ అబద్ధమని కాదు. ఆ బాధ నిజం. ఏడిపించేవాళ్ళ నోళ్ళను సరిచేయడం మాత్రం ఏ ఆర్థోడాంటిస్టూ చేయలేడు. ఆ పని బడిదీ, మనదీ.

తప్పు ఎప్పుడూ తల్లిదే

పిల్ల పళ్ళు వంకర తిరిగితే ముందుగా వినిపించేది తల్లి పేరే. వేలు చీకుతుంటే మాన్పించలేదా? పాలసీసా ఎందుకు అలవాటు చేశావు? నిజానికి చాలామంది పిల్లలు నాలుగైదేళ్ళకు తమంతట తామే వేలు చీకడం మానేస్తారు. శాశ్వత దంతాలు వచ్చే వయసు దాటినా కొనసాగితేనే ముందుపళ్ళు ఎత్తుకు రావడం నిలిచిపోయే ప్రమాదం. దవడ పరిమాణంలో తండ్రి వంశానికీ వాటా ఉంది, అది ఎవరూ అడగరు. తిండికీ వాటా ఉంది. రాబర్ట్ కొరూచినీ, ఇతరులు 1980ల్లో పంజాబు ప్రాంతంలో గ్రామీణ, పట్టణ పిల్లలను పోల్చి చూస్తే, మెత్తని తిండి తినే పట్టణ పిల్లల్లోనే పళ్ళ ఇరుకు ఎక్కువగా ఉంది. నాగరికత మొత్తం చేసిన పనికి ఒక తల్లి ఎలా బాధ్యురాలవుతుంది?

నీళ్ళకూ ఇదే వర్తిస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. తర్వాత నల్లగొండ పేరు దానికి పర్యాయపదమైపోయింది. గోధుమరంగు చారలు పడిన పళ్ళు చూసి ఆ ఊళ్ళ అమ్మాయిల సంబంధాలు తప్పిపోవడం మన ప్రాంతంలో అందరికీ తెలిసిన విషయం. అలాంటి పళ్ళకు బ్రాకెట్లు అతుక్కోవడం కూడా కష్టం. ఊరి బావి చేసిన నేరానికి అమ్మాయి నోరు శిక్ష అనుభవించింది.

తెలుసుకుని అడగాల్సినవి

ఈ చరిత్రలోంచి తల్లిదండ్రులకూ పిల్లలకూ పనికొచ్చే విషయాలు కొన్ని ఉన్నాయి. మొదటిది తొందరపడకపోవడం. ఏడెనిమిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ మధ్య పై ముందుపళ్ళు విడివిడిగా, విసనకర్రలా కనిపించే దశ ఒకటుంటుంది. బ్రాడ్‌బెంటే దీనికి అందవికారపు బాతుపిల్ల దశ అని పేరు పెట్టాడు. కోరపళ్ళు దిగితే చాలామందికి ఆ సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఏడేళ్ళప్పుడు ఒకసారి చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం సలహా ఇస్తుంది. చూపించడం వేరు, మొదలుపెట్టడం వేరు. ఎత్తుపళ్ళకు చిన్నతనంలో ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి రెండు విడతలుగా చేసే వైద్యానికీ, కౌమారంలో ఒకే విడతగా చేసేదానికీ చివరి ఫలితంలో పెద్ద తేడా లేదని పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. ముందే చేస్తే ఆటల్లో పడి ముందుపళ్ళు విరిగే ప్రమాదం మాత్రం తగ్గుతుంది. అయితే కింది పళ్ళ వెనక్కి పై పళ్ళు పోవడం, నమిలేటప్పుడు దవడ పక్కకు జారడం వంటివి త్వరగా చూపించాల్సినవే.

రెండోది, వైద్యం చేసేది ఎవరు అన్నది. బి.డి.ఎస్. తర్వాత మూడేళ్ళు ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. చేసినవాళ్ళు ఈ పనిలో ప్రత్యేక నిపుణులు. ఆ పట్టా ఉందా, వారానికోసారి వచ్చి వెళ్ళే వైద్యుడైతే మధ్యలో తీగ విరిగితే ఎవరు చూస్తారు అని అడగడంలో మొహమాటం అక్కరలేదు. పళ్ళు తీయాలంటే ఎందుకు, తీయకపోతే ఏమవుతుంది, ఏ ప్రమాణంతో పోల్చారు అని అడగాలి. తీయడం చాలాసార్లు సరైన నిర్ణయమే. కారణం చెప్పలేని నిర్ణయమే అనుమానించాల్సింది.

మూడోది, ధర డబ్బులోనే ఉండదు. సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళు పడుతుంది. బ్రాకెట్ల చుట్టూ బ్రష్ సరిగా చేయకపోతే తీసేశాక పళ్ళ మీద తెల్లని మచ్చలు మిగిలిపోతాయి. చాలామందిలో పన్ను వేరు కొన కాస్త అరుగుతుంది. కొద్దిమందిలోనే అది ఎక్కువగా ఉంటుంది. తీగలో నికెల్ ఉంటుంది. చెవులు కుట్టించుకోవడం వల్ల నికెల్ అలర్జీ మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి పుండుపడే పిల్ల అయితే ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి.

నాలుగోది, ఎక్కువమందికి చివరిదాకా ఎవరూ చెప్పనిది. క్లిప్పులు తీసిన రోజుతో వైద్యం అయిపోదు. 1988లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, పళ్ళు తీయించి క్లిప్పులు వేయించుకుని ఇరవైయేళ్ళు గడిచిన వాళ్ళను పరీక్షిస్తే, కింది ముందుపళ్ళు ఆమోదయోగ్యంగా నిలిచినవాళ్ళు దాదాపు పదోవంతు మందే. పళ్ళు జీవితమంతా కదులుతూనే ఉంటాయి. అందుకే రిటైనర్ ఏళ్ళ తరబడి, రాత్రుళ్ళైనా, పెట్టుకోవాలని ఇప్పటి వైద్యులు చెబుతారు. పెళ్ళి కోసమే క్లిప్పులు వేయించిన ఇళ్ళల్లో పెళ్ళయ్యాక రిటైనర్ ఏ అలమరలోకి పోతుందో మనకు తెలుసు. ఎవరి కోసం మొదలుపెట్టామన్నది ఎంతకాలం నిలుస్తుందన్నదాన్ని కూడా నిర్ణయిస్తుంది.

అన్నిటికన్నా ముందుగా అడగాల్సిన మనిషి ఆ పిల్ల. పన్నెండేళ్ళ అమ్మాయికి తన నోటి గురించి అభిప్రాయం ఉంటుంది. నమలడంలో ఇబ్బంది ఉందా, నీకు నచ్చట్లేదా, ఎవరైనా ఏమైనా అన్నారా అని మూడు ప్రశ్నలు విడివిడిగా అడిగితే మూడు వేర్వేరు జవాబులు వస్తాయి. ఎక్స్‌రే ఆమెకు చూపించి, వైద్యుణ్ణి ఆమెతోనే మాట్లాడమనాలి. ఆమె కావాలంటే అది ఆమె కోరిక. దాన్ని ‘బ్యూటీ మిత్’ అని కొట్టిపారేసే హక్కు స్త్రీవాదులమైన మనకూ లేదు. ఆమె ఇప్పుడు వద్దంటే, ఆరోగ్యపరంగా తొందరలేనప్పుడు, ఇరవైయేళ్ళకో నలభైయేళ్ళకో తన సంపాదనతో తనే వేయించుకోవచ్చు. పెద్దవాళ్ళకూ ఈ వైద్యం జరుగుతుంది. ఇప్పుడు మన దంతకళాశాలల తరగతుల్లో అమ్మాయిలే ఎక్కువగా కనిపిస్తున్నారు. కుర్చీలో పడుకున్న పిల్లా, ఆమె నోట్లోకి చూస్తున్న డాక్టరూ ఇద్దరూ స్త్రీలే అయ్యే రోజులివి. ఆ గదిలో మొదటి ప్రశ్న తల్లిదండ్రులవైపు కాక పిల్లవైపు తిరిగి అడిగే అలవాటు ఆ డాక్టర్లతోనే మొదలుకావచ్చు.